కొత్త నాలుక

మిర్యాలగూడలో మా మేనమామ రాజమౌళికి వడ్ల కొట్టు ఉండేది. రైతు బస్తా విప్పగానే నాలుగు గింజలు అరచేతిలో నలిపి, ఊక ఊదేసి, బియ్యపు గింజను పంటి కింద కొరికి "ఎండినయ్" అనో "జర పచ్చిగున్నయ్" అనో చెప్పేవాడు. ఆ మాటకు ఎదురుండేది కాదు. పందొమ్మిది వందల డెబ్బైల్లో ఆయన నాలుకకు క్యాన్సర్ వస్తే హైదరాబాద్ దవాఖానలో దాన్ని చాలా వరకు కోసేసి, ఛాతీ మీది చర్మం తెచ్చి నాలుకలా కుట్టారు. ఆ చర్మానికి రుచీ స్పర్శా లేవు. ఛాతీ వెంట్రుకలు మాత్రం నోట్లోనూ మొలిచేవి. అత్తయ్య తలుపులు మూసి చిన్న కత్తెరతో కత్తిరించేది. కొట్లో ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని తలతోనే అవునూ కాదూ చెప్పేవాడు. గింజ కొరికే పని కూతురి మొగుడైన అల్లుడికి అప్పగించినా, తాను కూర్చునే గద్దె మాత్రం వదల్లేదు.

ఒకరోజు వడ్ల బండితో వచ్చిన మాడుగులపల్లి మల్సూర్ అల్లుడి మాట ఒప్పుకోలేదు. "నువ్వు కొరికి సెప్పు సేటు. నీ అల్లునికి వడ్లకూ పెసర్లకూ తేడా ఎరుకనా?" అందరూ నవ్వారు. రాజమౌళికి ఉత్సాహం వచ్చి, తువ్వాలు తీసి గింజ నోట్లో వేసుకున్నాడు. అది ఎక్కడుందో కొత్త నాలుకకు తెలియలేదు. పళ్ల కిందికి తోయబోతే చొంగతో కలిసి జారి, గింజలు చాచి పట్టిన మల్సూర్ చేతి మీద పడింది. మల్సూర్ చేయి వెనక్కి తీసుకోలేదు. "గింత దానికేంది సేటు, మా సంటిపోరల సొంగ తుడుస్తలేమా" అన్నాడు మెత్తగా. రాజమౌళి లేచి, అల్లుణ్ణి భుజం పట్టి గద్దె మీద కూర్చోబెట్టి, వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి వెళ్లాడు. మళ్లీ ఎన్నడూ కొట్లోకి రాలేదు.