ఊగే నేల, ఊగని ఆవిడ

మా ఇల్లు ఓల్డ్ టౌన్‌లో, ఫిషింగ్ హార్బరుకి నడిచిపోయేంత దూరంలో ఉంది. కింద నా వలల కొట్టు, పైన సంసారం. పై నేల టేకు దూలాల మీద పరిచిన పలకలు. కొన్నాళ్ళుగా హాలు మధ్యలో కాలు పెడితే నులకమంచంలా దిగి లేచేది. బీరువాలో గ్లాసులు గలగలమనేవి. "మన అంతస్తు రోజురోజుకీ దిగజారుతోంది" అని నేను జోకు వేస్తే నవ్వింది నేనొక్కణ్ణే.

మా ఆవిడ నవ్వకపోవడానికి కారణం ఉంది. మా చర్చివాళ్ళ శుక్రవారం ప్రార్థన కూటం వంతులవారీగా ఒక్కో ఇంట్లో జరుగుతుంది. చివర్లో అందరూ ఒక్కసారే మోకరిస్తారు. కిందటిసారి మా ఇంట్లో అలా మోకరించగానే నేల వంగింది, గ్లాసులు మోగాయి, ఒక పెద్దావిడ కిటికీ ఊచ పట్టుకుని ఆమేన్ దాకా వదల్లేదు. ఆ తర్వాత మా వంతు వచ్చినప్పుడల్లా "పర్లేదమ్మా, మా ఇంట్లో ఎట్టుకుందాం" అని ఎవరో ఒకరు ఆదుకునేవారు. ఆ ఆదుకోవడమే ఆమెకి గుచ్చుకుంది.

"ఈపాలి కూటం మనింట్లోనే. సెప్పీసేను," అంది ఒకరోజు.

"మరి నేల?"

"అది మీరు సూసుకోండి."

ఆమె తమ్ముడు ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆదివారం దువ్వాడ నుంచి బండి మీద వచ్చి, వలల కట్టలు పక్కకి నెట్టించి, మెడ రిక్కించి చూశాడు.

"దూలాలు పుచ్చలేదు బావా. నడుం వంగిందంతే. మధ్యలో అడ్డంగా ఇనప గర్డరు ఎట్టి, రెండు కొసలా స్తంభాలు దించుదాం. దూలాల సందుల్లో అడ్డచెక్కలు బిగిస్తే ఊపు సచ్చూరుకుంటాది."

స్తంభాలు నిలబెట్టాల్సిన చోట కాంక్రీటు వేశాం. అది గట్టిపడ్డాక గర్డరు వచ్చింది, దాని కింద రెండు లారీ జాకీలు. ఫ్యాక్టరీ మనిషి కదా, అరపూటలో లెవెల్ తెప్పించాలని బామ్మర్ది పంతం. అతనో పక్క, నేనో పక్క తిప్పాం. పలకలు అప్పడాల్లా పటపటలాడాయి.

"లెవెల్ వచ్చీసింది బావా!"

పైనుంచి మా ఆవిడ కేక. "గది తలుపు రావట్లేదు!"

"అక్కా, లెవెల్ వచ్చీసిందే!"

"నీ లెవెల్ నువ్వుంచుకో. ముందు నన్ను బయటకి తియ్యి!"

జాకీలు దించితే గానీ ఆ తలుపు రాలేదు. నేల కుంగినకొద్దీ గుమ్మాలూ దాంతోపాటే ఒరిగి, ఆ వంపుకే అలవాటుపడ్డాయి, అచ్చం నాలాగే. ఆవిడ కిందికి దిగి ఇద్దర్నీ నిలబెట్టి అడిగింది.

"మన పాప పళ్ళకి క్లిప్పులేసిన డాక్టరు ఒక్కరోజులో సరిసేసేడేటి? రోజుకి కూసింత తిప్పండి. నాను పైన తలుపేసి తీత్తాను. పట్టిందంటే ఆపీయండి."

అప్పట్నుంచి ప్రతి పొద్దునా కొట్టు తీయగానే నాకు అదే పని. నేను రెండు జాకీలూ కాస్త తిప్పడం, పైన తలుపు కిర్రుమనడం, "సాలు!" అన్న మాట వినబడడం. వల కొనడానికొచ్చిన ఒక మరపడవాయన చాలాసేపు చూశాడు.

"ఏటి బావా, ఇంటిని ఒడ్డుకి లాగుతన్నావా?"

"లేదు బావా. దూలం లేస్తోంది, నా దూల తీరుతోంది."

నేల పూర్తి లెవెల్‌కి రాలేదు. ఇంకాస్త ఉందనగా తలుపు మళ్ళీ పట్టడం మొదలెట్టింది, ఆవిడ అక్కడితో ఆపించేసింది. ఆ కాస్త వాలు చూసి బామ్మర్ది నిట్టూర్చాడు. "గోలీ ఎడితే దొర్లిపోద్దక్కా."

"గోలీలాటకి పిలవలేదురా ఎవుర్నీ," అందావిడ. స్తంభాలు బిగించి, అడ్డచెక్కలు కొట్టి, జాకీలు తీసేశాం.

శుక్రవారం మెట్లెక్కి అందరూ వచ్చారు. నేను మాత్రం వలలు సర్దే వంకతో కిందే ఉండిపోయి, ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించాను. పాట ఆగింది. అన్ని మోకాళ్ళూ ఒక్కసారే ఆనిన చప్పుడు. కళ్ళు మూసుకోవలసిన వేళ కళ్ళింత చేసుకుని గర్డరు కేసి చూశాను. నా కళ్ళద్దాల మీద చిటికెడు దుమ్ము రాలింది. అంతే. గ్లాసుల సడి లేదు.

మెట్ల మీద మా ఆవిడ.

"అందరూ పైనుంటే మీరిక్కడేటి సేత్తన్నారు?"

"నా బరువు కూడా ఎందుకని..."

"అది కూడా లెక్కేసే సేయించాను. రండి."

గోడల వెంట ఖాళీ లేదు. ఉన్నదల్లా హాలు నడిమధ్యనే. వెళ్ళి అక్కడే మోకరించాను. కిర్రుమన్నవి నా మోకాళ్ళు.