మారిసోల్ క్షమాపణకు నేను జతపరిచిన ఆధారాలు

కామాలు, ఫుల్‌స్టాపులు సరిదిద్ది ఒక మనిషిని అద్దె ఇంట్లోంచి ఖాళీ చేయించవచ్చని ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు నమ్ముతాను. ఆ పని దాదాపు పూర్తి చేసింది నేనే.

అమెరికాలో, న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మేముండేది మూడో అంతస్తు. ఎదురు ఫ్లాట్‌లో మారిసోల్ ఉంటుంది. పెరూ దేశం నుంచి వచ్చి ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తోంది. ఆదివారం ఉదయం వాళ్ళ ఊరి నాట్యం ప్రాక్టీసు చేస్తుంది. మడమతో నేలను తట్టే రకం నాట్యం. ఆమె నేల, కింద ఉండే హెలెన్ అనే పెద్దావిడ పైకప్పు ఒకటే కావడంతో చిక్కొచ్చింది. హెలెన్ రెండుసార్లు కంప్లైంట్ చేసింది. మూడోది వస్తే లీజు రెన్యూ చేసేది లేదని లీజింగ్ ఆఫీసు మేనేజరు డోనా తేల్చి చెప్పింది. రెన్యూవల్ వచ్చే నెలలోనే ఉంది. ఇల్లు మారితే మారిసోల్ కూతురు బడి మారాలి. ఆ పిల్ల అప్పుడప్పుడే అక్కడ స్నేహాలు చేసుకుంటోంది.

అందుకని మారిసోల్ క్షమాపణ ఉత్తరం రాసి నా దగ్గరికి తెచ్చింది.

"వెసీనో, ఇది కొంచెం చూస్తావా?" వెసీనో అంటే వాళ్ళ స్పానిష్ భాషలో పొరుగువాడు. "మాట్లాడటం పర్లేదు గానీ, ఇంగ్లిష్ రాయాలంటే నాకు భయం. ఆవిడ చదివి నవ్వితే?"

"నవ్వదు. నాకు వదిలేయ్," అన్నాను.

ఉత్తరమంతా ఒకటే వాక్యం. హెలెన్ ఆరోగ్యం అడగడంతో మొదలై, అమ్మమ్మ నేర్పిన నాట్యం మీదుగా, కూతురి పుట్టినరోజు మీదుగా, హైవే మీద ఎగ్జిట్ దొరకని కొత్త డ్రైవరులా పోతూనే ఉంది. చివరికి "ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి" దగ్గర ఎగ్జిట్ తీసుకుంది.

నేను ఏ పనైనా పద్ధతి ప్రకారం చేసే మనిషిని. స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఇంగ్లిష్ రాతలో చేసే తప్పులేమిటో నెట్‌లో వెతికి, ప్రింట్ తీసి, రంగు పెన్నులు ముందేసుకున్నాను. "ఈజ్ వెరీ లౌడ్, ఐ నో." కర్త లేదు, ఎరుపు. "ఐ యామ్ అగ్రీ విత్ యూ." పచ్చ. "మై డాటర్ హాజ్ ఎయిట్ ఇయర్స్." నీలం. ఫుల్‌స్టాపు ఉండాల్సిన ప్రతిచోటా కామా. ఆదివారానికి చిన్నక్షరం. కాసేపటికి ఆ కాగితం హోలీ ఆడి ఇంటికొచ్చినట్టు తయారైంది.

ఇక్కడ మీతో ఒక మాట. కర్తను మింగేయడంలో మనమేం తక్కువ తినలేదు. "వచ్చాడా?" అంటే "వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు" అంటాం. ఎవడని అడిగే దిక్కుండదు. ఈ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

నా రూమ్మేట్ కిరణ్‌ది వరంగల్. వాడు వచ్చి భుజం మీంచి తొంగిచూశాడు.

"ఏం జేస్తున్నవ్ రా?"

"మారిసోల్ లెటర్ కరెక్ట్ చేస్తున్నా."

"మరి నీ ఇంగ్లిష్ ఎవరు కరెక్ట్ జేస్తరు?"

"నా ఇంగ్లిష్‌కేం? దాంతోనే వీసా అప్రూవ్ అయింది."

"తెల్సు. అది రాసినన్ని దినాలు ఇంట్ల మమ్ముల మాట్లాడనియ్యలే గదా."

అసలు తిరకాసు అక్కడే ఉంది. అంతకుముందే నా హెచ్‌వన్‌బీ వీసా మీద ప్రభుత్వం వాళ్ళు మరిన్ని ఆధారాలు అడిగారు. నా ఉద్యోగం నిజంగా ఉద్యోగమేనని, అది చేస్తున్నది నిజంగా నేనేనని కట్టలు కట్టలు కాగితాలతో నిరూపించుకున్నాను. గెలిచాను. అప్పటినుంచీ ఇంగ్లిష్ ఉత్తరమంటే నాకు ఆ ఒక్క నమూనాయే. పుట్టినరోజు శుభాకాంక్షలు రాసినా జనన ధ్రువపత్రం జతపరచాలనిపించేది.

మారిసోల్ ఉత్తరం ఆ అచ్చులోంచి బయటపడేసరికి ఇలా ఉంది. విషయం: ఆదివారపు శబ్దంపై తమరు చేసిన ఆరోపణలకు సమాధానం. జతపరిచిన ఆధారాలు: ఎగ్జిబిట్ ఏ, ఫ్లాట్ ప్లాను. బీ, తివాచీ కొన్న రసీదు. సీ, నాట్యపు చెప్పుల ఫొటో, పక్కన స్కేలుతో. డీ, ఫోన్ యాప్‌లో కొలిచిన చప్పుడు. ఎగ్జిబిట్ ఈ, ఆ చప్పుడు తనకెప్పుడూ వినపడలేదని కిరణ్ ప్రమాణపూర్వక వాంగ్మూలం. భోజనం పిలుపు విషయానికి సంబంధం లేనిది కాబట్టి కొట్టేశాను. ఆఖరి వాక్యం మీద నాకు ప్రత్యేకమైన మమకారం: "ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లో తగిన ఆధారాలతో స్పందించని పక్షంలో తమరు ఫిర్యాదును విరమించుకున్నట్టు పరిగణించబడుతుంది."

మారిసోల్ రెండుసార్లు చదివింది.

"చాలా బలంగా ఉంది," అంది. "సారీ ఎక్కడుంది?"

"మూడో పేరాలో చూడు. 'విచారం' అని ఉంది."

"భోజనం?"

"ఇన్ని ఆధారాలుండగా భోజనమెందుకు?"

"తప్పులేం లేవు కదా?"

"ఒక్కటి కూడా లేదు."

పాపం, సంతకం పెట్టింది.

రెండు రోజులకి డోనా నుంచి మారిసోల్‌కి పిలుపొచ్చింది. నేను కూడా వెళ్ళాను, ఎగ్జిబిట్లు వివరించడానికి. హెలెన్ అప్పటికే ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నా మీద కేసు వేస్తున్నారా?" అని అడిగింది.

"అయ్యో, లేదండీ," అన్నాను.

"'తమరు చేసిన ఆరోపణలు' అని ఉంది. నేను ఆరోపించిందేముంది? టకటకమంటోంది అన్నాను. ఈ కిరణ్ ఎవరు? నా మీద ప్రమాణం చేసి ఏం చెప్పాడు?"

"మీ మీద కాదండీ, చప్పుడు మీద."

"నువ్వెవరు?"

"పొరుగువాణ్ణి. ఉత్తరం నేనే రాశాను. అంటే, తప్పులు దిద్దాను."

"లాయరువా?"

"కాదు మేడమ్. సాఫ్ట్‌వేర్."

హెలెన్ డోనా వైపు చూసింది. డోనా పైకప్పు వైపు చూసింది.

"చెప్పు ఫొటో ఎందుకు పంపావు?"

"మడమ ఎత్తు తెలియడానికండీ." మనలో ఎవరికైనా చెప్పు ఫొటో పోస్టులో పంపితే ఏం జరుగుతుందో తెలిసి పెరిగినవాణ్ణి. అయినా పంపాను.

"మారిసోల్, దీన్ని మూడో కంప్లైంట్ కింద రాసుకోవాల్సిందే," అంది డోనా. "నా చేతుల్లో ఏం లేదు."

అప్పుడు మారిసోల్ లేచి హెలెన్ ముందు కుర్చీలో కూర్చుంది. నా వైపు చూడనైనా లేదు. హెలెన్, నాకు సిగ్గుగా ఉంది, నేల ఇంత పల్చగా ఉందని తెలియదు, అమ్మమ్మ నేర్పిన నాట్యం అది, ఆవిడ పోయాక ఆదివారం అది చేయకపోతే నాకు తోచదు, ఇంకో దగ్గర చేసుకుంటాను, కానీ ఇల్లు మాత్రం పోకూడదు, పిల్లకి ఇప్పుడే ఇద్దరు స్నేహితులు దొరికారు, మీరు చేపలు తింటారా, అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. నేను లోలోపల రంగులు వేస్తూనే ఉన్నాను. ఎరుపు, పచ్చ, నీలం, మళ్ళీ ఎరుపు. ఒకచోట ఆపుదామని చేయి కూడా లేపాను. డోనా కళ్ళతోనే దించేసింది.

హెలెన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇదంతా ఉత్తరంలో ఎందుకు రాయలేదు?"

"ఇంగ్లిష్ రాయాలంటే నాకు భయం," అంది మారిసోల్. మర్యాదస్తురాలు.

"పదకొండు దాటాక చేసుకో," అంది హెలెన్. "అప్పుడు నేను చర్చిలో ఉంటాను. చేపలు తింటాను."

లీజు రెన్యూ అయింది. మూడో కంప్లైంట్ లెక్కలోకి రాలేదు. దానికి బదులు ఆ శుక్రవారం మా తలుపుకి మొదటి హెచ్చరిక అతికించి ఉంది. తోటి నివాసికి బెదిరింపు ఉత్తరం పంపినందుకట. కిరణ్ దాన్ని నిలబడే చదివాడు.

"అరే, దీంట్ల నా పేరు గూడ ఉన్నది రా."

"సాక్షివి కదా."

"నేను సంతకం బెట్టింది తివాచీ వారంటీకని జెప్పినవ్ గదరా."

"చెప్పాను. నువ్వు గేమ్‌లో ఉన్నావు, ఎక్కువ వివరించలేదు. ఉండు, దీనికి జవాబు రాస్తాను, మన దగ్గర ఆధారాలు..."

వాడు నా లాప్‌టాప్ తీసుకెళ్ళి తన గదిలో పెట్టి తాళం వేశాడు.

"కిందికి పో. నోటితోని చెప్పు."

వెళ్ళి చెప్పాను. కామాలు ఎక్కడ పడ్డాయో గుర్తులేదు.

కాబట్టి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరి క్షమాపణనూ దిద్దను. ఎవరైనా ఎవరినైనా భోజనానికి పిలుస్తుంటే ఆ వాక్యం మీద పెన్ను పెట్టను. నేను చెప్పుకోవాల్సిన క్షమాపణలు నాకే ఉన్నాయి. హెలెన్ విన్నది. మారిసోల్ విని నవ్వింది. కిరణ్ ఇంకా వినడం లేదు.