వట్టి నీళ్లు

తబ్రీజ్‌లోని ఆ ప్రయోగశాలలో బెహ్జత్ ఖానుం చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని, టీ చప్పరిస్తూ కంప్యూటర్ ముందు కూర్చునేది. తెర మీద ఆమె కూర్చిన చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు వాటంతటవే జట్టుకట్టి దారాల్లా పేనుకునేవి. కంప్యూటర్ లెక్కలో ఎంత చలి పెట్టినా వాటి చుట్టూ ఉన్న నీళ్లు గడ్డకట్టేవి కావు; ఆమెకు కావలసిందీ అదే. గదిలోకి ఎవరొచ్చినా గోటితో తెర తట్టి చూపించి మురిసిపోయేది. ఆ ముక్కల్ని నిజంగా తయారుచేసి పరీక్షించే పని పక్క గదిలోని యాషార్‌ది. అతని సీసాల్లో మాత్రం నీళ్లు ప్రతిసారీ గడ్డకట్టేవి.

ఆ రోజూ గడ్డకట్టిన సీసా పట్టుకొచ్చాడు. "ఏమనుకోకక్కా, నా చేతులే మంచివి కావు. నీ లెక్కలో ఇంత చక్కగా వస్తుంటే నేను పాడుచేస్తున్నా."

ఆమె అతని మొహంలోకి చూడలేకపోయింది. "నీ చేతుల్లో ఏ లోపమూ లేదు యాషార్. ప్రోటీన్ తీసేసి వట్టి నీళ్లతో అదే లెక్క నడిపి చూశాను. అవీ గడ్డకట్టలేదు. నా కంప్యూటర్లో నీళ్లకే ఆ చలికి గడ్డకట్టడం రాదు. ఆ పరీక్ష మొదటే చెయ్యాల్సింది, చెయ్యలేదు."

యాషార్ కోప్పడలేదు. "ఎప్పుడు చూశావక్కా?" అని మెల్లగా అడిగాడు.

"పోయిన వారం."

ఈ వారమంతా అతను రోజూ వచ్చి తప్పు తనదేనంటున్నాడు. ఆమె రోజూ, "పర్లేదులే, మళ్లీ చేసి చూడు" అని పంపిస్తూనే ఉంది.