జాబితాలో లేని గ్రాఫిక్స్ కార్డు

ఈ ఉదయం ఉప్పల్‌లో లాప్‌టాప్‌లు బాగుచేసే అతన్ని నలుగురి ముందు దొంగను చేశాను. ఆ మాట అనలేదు గానీ, "లోపలి గ్రాఫిక్స్ కార్డు ఏం జేసినవ్?" అని అడిగాక ఇంకేం మిగులుతుంది?

పోచారంలో పనిచేసే మా మేనకోడలు తన పాత గేమింగ్ లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసి నాకిచ్చింది. అందులో రైలు నడిపే ఆట ఆడుకుంటాను. దానికి తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ రెండు: ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్నదొకటి, ఆటలకు పనికొచ్చి బ్యాటరీని తాగేసే పెద్దదొకటి. పోయిన వారం ఫ్యాను శుభ్రం చేయించి తెచ్చాక రైలు ఆగి ఆగి నడిచింది. లాప్‌టాప్ తన భాగాలు చూపించే జాబితా తెరిస్తే చిన్నదొక్కటే ఉంది. ఇక రెండు రోజులు, అతను లాప్‌టాప్‌ను షాపులో కర్టెన్ వెనక్కి ఎందుకు తీసుకుపోయాడో, రేపు రమ్మని ఎందుకన్నాడో తవ్వుకుంటూ కూర్చున్నాను. చివరికి అతను ఇప్పించిన చాయ్ మీద కూడా అనుమానమే.

నా మాటకు అతను కోప్పడలేదు. వెనక మూత విప్పి, "సూడున్రి సార్, అది బోర్డుకే అతికి ఉంటది. పీకితే మీ లాప్‌టాపే ఉండదు. బ్యాటరీ కోసమని మోడ్ గిట్ల మార్చిన్రా?" అన్నాడు.

మార్చాను. పోయిన వారమే కాజీపేట వెళ్తూ రైల్లో ఛార్జింగ్ నిలవాలని పెద్ద కార్డును ఆపింది నేనే. ఆపితే అది జాబితాలోంచే మాయమవుతుందట. అతను ఒక వరుస టైపు చేసి మళ్లీ ఆన్ చేయగానే రెండు పేర్లూ కనిపించాయి. కానీ అప్పటికే, రిపేరుకని నిలబడ్డ మా కాలనీ ఆయన నా మాట నమ్మి తన లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేనూ "సరే" అని తల దించుకుని వచ్చేశాను.

దారిలో బావ గుర్తొచ్చాడు. నాచారం ఫ్యాక్టరీలో నేను షిఫ్టు సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు మా అక్క భర్త అక్కడే ఎలక్ట్రీషియన్. ఒకరోజు కరెంటు వచ్చినా మిషన్లు కదలకపోతే, నా మీద కోపంతో బావే ఫ్యూజులు తీశాడని మేనేజరుకు చెప్పాను. తీరా చూస్తే, కరెంటుకూ జనరేటరుకూ మార్చే పెద్ద హ్యాండిల్ నేను పెట్టిన చోటే, జనరేటరు వైపే ఉంది. "బామ్మర్దీ, నన్నడిగితే సెప్పెటోన్ని గదా" అన్నాడు బావ. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ రోజుల్లో హ్యాండిల్ ఎటుందో గది అవతలి నుంచే కనిపించేది, ఇప్పుడది యంత్రం లోపలికి పోయింది. నా కళ్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఎదుటివాడి చేతులనే చూశాయి.

మధ్యాహ్నం కాలనీ ఆయన ఇంటికి వెళ్లి తప్పు నాదని చెప్పి, ఆయన స్కూటరు మీదే షాపుకు తీసుకెళ్లాను. అక్కడున్న అందరికీ వినబడేలా క్షమించమని అడిగాను. "ఫికర్ జెయ్యకున్రి సార్" అని అతను స్టూలు జరిపాడు. ఈసారి చాయ్ నేను తెచ్చాను.

అక్కడి నుంచి నారపల్లి బస్సెక్కి అక్క ఇంటికి వెళ్లాను. గోడ మీది బావ ఫొటో వంక చూడలేక, నేల చూస్తూ అంతా చెప్పాను.

"గీ మాట ఆయనున్నప్పుడు అనకపోతివి రా" అంది అక్క.