మస్తాన్ సార్ నన్ను నడిపించిన రోజు

వరండాలో ఒక అడుగు బరువుగా పడుతుంది. రెండోది చెప్పును ఈడ్చుకుంటూ దాని వెనకాల వస్తుంది. తలెత్తకుండానే అనుకుంటాను: కుడి తుంటి. అనంతపురంలో ఈ ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టిన మస్తాన్ సార్ పోయి చాలా కాలమైంది గానీ, ఆయన తయారుచేసిన నా చెవులు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

సార్‌ది యాడికి అనే ఊరు. నాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. పుట్టుకతోనే నా కుడి తుంటి గిన్నె లోతు తక్కువ. తొడ ఎముక గుండు అందులో కుదురుగా కూర్చోలేదు. పసితనంలో ఎవరూ గమనించలేదు. నడవడం మొదలుపెట్టాక అందరూ గమనించారు. బట్టతలవాడు దువ్వెనలు అమ్మినట్టు, నేను నడకలు సరిచేసే చదువే చదివాను. ఉద్యోగంలో చేరాక రోగులకంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చునేదాన్ని, అందరూ వెళ్లాకే లేచేదాన్ని. నా సమయపాలనను చాలామంది మెచ్చుకున్నారు. సార్ మాత్రం, "ఏమ్మా సుజాతా, ఆ కుర్చీని ఎవరూ ఎత్తుకపోరులే. కాపలా ఎందుకు?" అన్నారు.

ఒకరోజు తనకల్లు నుంచి ఓబిరెడ్డి అనే రైతు వచ్చాడు. కుడి తుంటి అరిగిపోయి, అడుగడుక్కీ ఒళ్లంతా కుడికి ఒరుగుతోంది. చేతికర్ర కూడా కుడిచేతిలోనే. ఎడమచేతికి మార్చమని కుర్చీలోంచే చెప్పాను.

"నొప్పి ఈడుంటే కట్టె ఆడెందుకమ్మా? అదీగాక, ఎడమచేత్తో కట్టె పట్టుకొని పెద్దోళ్ల ముందర పోతే ఏమనుకుంటారు? కూర్చోని చెప్పేది సులభమే. నడిచేటోనికి తెలుస్తాది."

సార్ నా వైపు తిరిగారు. "సుజాతా, లేసి నడువు."

గోడమీద ఎముకల పటం ఉంది. మూలన ప్లాస్టిక్ అస్థిపంజరం ఉంది. వాటికి లేని యోగం నాకే ఎందుకో అర్థం కాలేదు. బెంచీ నిండా జనం. రాజీనామా మాటలు మనసులో కూర్చుకుంటూ లేచి, గది ఆ చివరిదాకా ఊగుతూ నడిచాను.

"యప్పా! ఈయమ్మ నాకంటే మేలుగా ఊగుతాంది!" అన్నాడు ఓబిరెడ్డి సంబరంగా.

"ఊగదా మల్ల?" అన్నారు సార్. "అడుగేసినప్పుడల్లా మనిషి ఒంటికాలి మీదే కదన్నా నిలబడేది. అప్పుడు నడుము తక్కెడ, ముల్లు తుంటికాడ. ఆ పక్క చిప్పలో ఒళ్లంతా వేలాడతాది. ఈ పక్క పిడికెడు కండ దాన్ని లాగి పట్టుకోవల్ల. ఆ లాగుడంతా కీలుమీదే పడతాది. గిన్నె కుదరకపోతే కండకు పట్టు దొరకదు. అందుకే ఒళ్లు, బరువును కీలు మీదికే ఒరగదోసుకుంటాది. తెలివిగల ఒళ్లు! కట్టె ఎడమపక్క పెడితే, వేలాడే చిప్ప కింద చెయ్యి పెట్టినట్ల."

కర్ర నా ఎడమచేతికిచ్చారు. తిరిగి నడిచాను. ఊగడం బాగా తగ్గింది.

"ఇంగోసారి నడువమ్మా," అన్నాడు ఓబిరెడ్డి. ఈసారి ఎగతాళి లేదు. నా నడుమునే చూస్తూ నేర్చుకుంటున్నాడు. నా నడకను ఎవరైనా నేర్చుకోవడానికి చూడడం అదే మొదలు. తర్వాత కర్ర ఎడమచేత పట్టుకుని గుమ్మందాకా నడిచి, "ఎవరన్నా అడిగితే డాక్టరమ్మ గూడా ఇట్లే పట్టుకుంటాదని చెప్తా," అన్నాడు.

సాయంత్రం నేను నోరు తెరవకముందే సార్ అన్నారు: "రేపట్నుంచి జనం వచ్చినాంక రా. నువ్వు నడిచొచ్చేది వాళ్లు చూడల్ల." జీతమిచ్చి ఆలస్యంగా రమ్మన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మొన్న ఒకామె చంటిబిడ్డను తెచ్చింది. ఆ పాప తుంటి గిన్నె కూడా లోతు తక్కువే. ఎముకల డాక్టరు కాళ్లు ఎడంగా ఉంచే పట్టీ వేసి పంపారు. నేను గది దాటి వస్తుంటే ఆ తల్లి నా నడకనే చూసింది.

"మా పాప గూడా మీ మాదిరే నడుస్తాదా మేడం?"

"శానా తొందరగా చూపించినావు, సరైపోయేదానికే ఎక్కువ అవకాశముండాది," అన్నాను. "ఒకేళ నా మాదిరే నడిస్తే ఈడికే పంపు. ఉద్యోగముండాది."