ఐరిష్ స్టాంపుకి దసరా బొట్టు

డెబ్భైల చివర, జెర్సీ సిటీలో కాపురం పెట్టిన కొత్తల్లో, నాకు ఐరిష్ స్టాంపుల పిచ్చి పట్టింది. ఆస్పత్రిలో డ్యూటీ, ఇంట్లో వంట చాలక ఈ గోల కూడానా అని మావారి వేళాకోళం. ఆ పిచ్చి అంటించింది కింది అంతస్తులో ఒంటరిగా ఉండే ఐరిష్ పెద్దాయన. ఐర్లండుకి స్వతంత్రం వచ్చిన కొత్తల్లో వాళ్ళు బ్రిటిష్ రాజు బొమ్మ ఉన్న స్టాంపుల మీదే తమ ప్రభుత్వం పేరు నల్లగా గుద్ది వాడుకున్నారట. రాజుగారి మొహాన ఆ ముద్ర చూసి నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. మనల్నీ ఏలిన రాజే కదా.

ఆయన దగ్గరున్న వాటిలో నా కన్నంతా ఒకదాని మీదే. 1916లో బ్రిటిష్ వాళ్ళ మీద జరిగిన డబ్లిన్ తిరుగుబాటు గుర్తుగా వేసిన స్టాంపు అది. తిరుగుబాటుదారులు పట్టుకున్న పెద్ద పోస్టాఫీసు ముందు తుపాకీ పట్టుకుని నిలబడ్డ వలంటీరు, అంటే వాళ్ళ సైనికుడు. ఆ తిరుగుబాటులోనే ఆయన తండ్రి పోయారు. ఇంట్లో ఫొటో ఒక్కటీ లేదు కనుక ఈ బొమ్మనే నాన్న అనుకుంటానని చెప్పేవారు. ఎవర్నీ వేలితో ముట్టనిచ్చేవారు కాదు, పట్టకారుతోనే. అలాంటిది, స్టాంప్ క్లబ్బులో చూపించుకోమని నాకు ఇచ్చారు.

సరిగ్గా అప్పుడే దసరా వచ్చింది. మా దగ్గరికొచ్చిన అత్తగారు ఆయుధపూజకి పూనుకున్నారు. కారుకి, బ్లెండర్‌కి, నా స్టెతస్కోపుకి బొట్లు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి, ఆయన స్టాంపు దాచిన నా ఆల్బమ్ తెరిచి ఉంది. వలంటీరు నుదుట ఎర్రగా కుంకుమ. అగ్గిపుల్ల కొసతో దిద్దారట, గురి మాత్రం తప్పలేదు.

"పొద్దస్తమానం దాంతోనే కదమ్మా నీ పని. స్టెతస్కోపుకి పెట్టి దానికి మానేస్తే ఏం బావుంటుంది?" అన్నారావిడ.

తడి కుంకుమ కాగితంలోకి ఇంకిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. స్టాంపు సరే, ఆయన స్నేహం కూడా పోతుందని ఏడుపొచ్చింది.

ఆల్బమ్ తీసుకుని కిందికి దిగాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏమిటిది, డాక్టర్?"

జరిగింది చెప్పాను. ఇంకేం చెప్పాలో తోచక, పూర్వం మా వైపు యుద్ధానికి వెళ్ళేవాళ్ళకి ఇంటి ఆడవాళ్ళు ఇలాగే నుదుట దిద్ది సాగనంపేవారని కూడా చెప్పాను.

"మా నాన్న వెళ్ళిన పొద్దున మా అమ్మ కోపంతో వంటింట్లోంచి బయటికి రాలేదు," అన్నారాయన. "తను పోయేదాకా అదే తలుచుకుని బాధపడేది."

పట్టకారుతో స్టాంపుని జాగ్రత్తగా తీసి, తన పుస్తకంలో దాని చోట పెట్టుకున్నారు.

"మీ అత్తగారికి మా అమ్మ తరఫున థాంక్స్ చెప్పండి."