ఆ రోజు తాగని గుమ్మడికాయ సూప్

"మల్ల గదే మాట. కాయ ఇటియ్యి అంటున్న గద. ఒక్క దెబ్బ ఏస్త, తర్వాత నీ ఇష్టమున్నట్టు కోసుకో."

"వద్దన్న గద. ఇయ్యాల నేనే కొడ్త."

పొద్దున చాయ్ తాగినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఇదే వాదన. వంటింటి గట్టు మీద ఎర్ర గుమ్మడికాయ ఒకటి, పంచాయితీ తేలేదాకా కదిలేది లేదన్నట్టు పొట్ట వేసుకుని కూర్చుంది. దానికి ఇటుపక్క కత్తి పట్టుకుని వీరేశం. అటుపక్క కొంగు నడుముకు బిగించుకుని ఆయన భార్య కనకలక్ష్మి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో గుమ్మడికాయ దగ్గర ఆమె ఆయనకు అడ్డం తగలడం ఇదే మొదలు. అందుకే పాపం ఆయన అంత పరేషాన్ అవుతున్నాడు.

నిండు గుమ్మడికాయను ఆడవాళ్ళు కొట్టరు కదండీ. మొదటి దెబ్బ మగవాడు వేయాలి, ఆ తర్వాత ముక్కలు ఎవరు తరిగినా తప్పు లేదు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. కనకలక్ష్మి మాత్రం కారణం ఎప్పుడూ అడగలేదు. వీరేశం జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసే రోజుల్లో, ఆయన ఇల్లు చేరేదాకా పులుసు పొయ్యి ఎక్కేది కాదు. మరీ ఆలస్యమైతే పక్కింటి చంటివాణ్ణి చంకనెత్తుకొచ్చి, వాడి గుప్పిట్లో కత్తి పెట్టి, కాయకు తాకించి, అప్పుడు కోసుకునేది. మగపిల్లవాడు కొట్టినట్టే లెక్క. వాడేమో కత్తి ఇంకా కావాలని ఏడ్చేవాడు.

అలాంటి మనిషి ఇవాళ కత్తి లాక్కుంది. కాయను బట్ట మీద కుదురుగా పెట్టి ఒక్క పోటు పొడిచింది. సగం దిగి ఇరుక్కుపోయింది. వీరేశం నవ్వాపుకుని పక్కకు చూశాడు. ఆమె రెండు చేతులతో కత్తి మీద బరువంతా వేసింది. కాయ రెండుగా విచ్చుకుంది.

ఇంత పట్టుదల ఎందుకు వచ్చిందో తెలియాలంటే సరోజమ్మ సంగతి చెప్పాలి.

కనకలక్ష్మి పుట్టింది ఈ కొత్తగూడలోనే. ఇప్పుడు ఫ్లైఓవర్ ఉన్న చోట వాళ్ళ నాన్న జొన్నలు వేసేవాడు. తల్లిగారి స్థలంలో లేచిన అపార్ట్‌మెంటులో వాటాగా వచ్చిన ఫ్లాటులోనే ఆమె కాపురం. మిగిలిన ఫ్లాట్లన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఉద్యోగస్థులవి. వాళ్ళకు ఏం కావాలన్నా కనకలక్ష్మే దిక్కు. ఒడిబియ్యానికి ఏమేం పెట్టాలి, బోనానికి కుండ ఎక్కడ దొరుకుతుంది, పాలు పొంగించేది ఏ దిక్కున, అన్నీ ఆమెనే అడుగుతారు. అడిగిన కొద్దీ ఆమె ఇంకాస్త నిటారుగా నడిచేది. పుట్టిన ఊళ్ళో పొలం పోయినా పెద్దరికం మిగిలిందని లోపల ఒక తృప్తి.

సరోజమ్మది కదిరి. భర్త పోయాక, ఇదే అపార్ట్‌మెంటులో ఉంటున్న కూతురు రమ్య దగ్గరికి వచ్చింది. రమ్యకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అల్లుడు శివశంకర్‌కు చెన్నైలో పని, నెలకోసారి వచ్చి పోతాడు. మనవరాలు పింకీని చూసుకోవడానికి ఈమె. ఈ ఇద్దరాడవాళ్ళకూ బొటానికల్ గార్డెన్‌లో పొద్దుటి నడకల్లో స్నేహం కుదిరింది. నడక పేరుకే. కాసేపు నడిచి బండరాయి మీద కూర్చుంటే ఎండ ముదిరేదాకా లేచేవారు కారు. సరోజమ్మ తెచ్చిన రాగిసంగటి ఈమె తినేది, ఈమె చేసిన సర్వపిండి ఆమె తినేది. ఈమె "వదినె" అనేది, ఆమె "అక్కా" అనేది. ఏ వరసో ఎవరూ అడగలేదు.

కనకలక్ష్మి కంటికి ఆపరేషన్ అయినప్పుడు చుక్కల మందు వేసింది సరోజమ్మే. వీరేశం చేయి వణుకుతుంది, మందు చెంప మీద పడేది. సరోజమ్మ పొయ్యి మీద పాలు వదిలేసైనా వచ్చి, రెప్ప పట్టుకుని, చుక్క వేసి, "కదలద్దక్కా" అని తన కొంగుతోనే తుడిచి పోయేది. కన్ను బాగుపడి కట్టు విప్పాక కనకలక్ష్మి మొదట తేటగా చూసిన ముఖం ఆమెదే.

పింకీ పళ్ళకు తీగలు కట్టించినప్పుడు ఆ పిల్ల ఏదీ నమలలేక ఏడ్చింది. అప్పుడు సరోజమ్మ ఫోన్‌లో చూసి ఈ సూప్ నేర్చుకుంది. గుమ్మడికాయా, బేరిపండ్లూ కలిపి ఉడికించి, మెత్తగా రుబ్బి, మీగడ వేసి, పైన మిరియాల పొడి చల్లడం. బండరాయి మీద కూర్చుని అంతా వివరంగా చెప్పింది కూడా. కనకలక్ష్మి ఊఁ కొట్టింది గానీ, పులుసు పెట్టుకునే కాయలో పండ్లు వేయడమేమిటని మనసులో నవ్వుకుంది.

నిరుడు కార్తీకంలో అపార్ట్‌మెంటు వాళ్ళు మిద్దె మీద వనభోజనం పెట్టుకున్నారు. వనం లేదు, కుండీలో ఉసిరి మొక్క ఉంది, సరిపోయింది. ఇంటికో వంటకం. కనకలక్ష్మి తెల్లవారుజామునే లేచి గంపెడు సర్వపిండి కాల్చింది. అప్పటిదాకా ప్రతి ఏడూ అందరూ మొదట చేయి పెట్టేది ఆ గంపలోనే. ఆ ఏడు సరోజమ్మ స్టీలు గిన్నె నిండా సూప్ తెచ్చి చిన్న చిన్న కప్పుల్లో పోసింది. పసుపుపచ్చగా, పైన మీగడ గీతలు తేలుతూ, చూడటానికి ముచ్చటగా ఉంది. హర్షిణీ, కావ్యా, మిగతా ఫ్లాట్ల కోడళ్ళూ గిన్నె చుట్టూ మూగారు. ఎలా చేశారాంటీ, మాకూ చెప్పండాంటీ అని ఒకటే సందడి. గంప దగ్గర ఎవరూ లేరు.

కనకలక్ష్మి చేతికీ ఒక కప్పు వచ్చింది. అది పట్టుకుని, నవ్వుతూనే అడిగింది.

"కాయ ఎవలు కొట్టిండ్రు వదినె?"

శివశంకర్ ఆ వారం రాలేదని ఆమెకు తెలుసు. ముందురోజు నడకలో సరోజమ్మే చెప్పింది. తెలిసే అడిగింది.

"నేనే కోసినానక్కా," అంది సరోజమ్మ అదే నవ్వుతో. "మా ఇంట్లో మొగోళ్ళు యాడుండారు?"

"గట్లనా. మా దిక్కు గట్ల కోసింది తినరు. అండ్ల ఇయ్యాల కార్తీక సోమారం."

అని కప్పు కింద పెట్టేసింది. ఒక్క చుక్క కూడా నోట పోసుకోలేదు.

పెద్దామే కప్పు కింద పెట్టేశాక మిగిలినవాళ్ళు ఏం చేస్తారు? హర్షిణి తనకు మీగడ పడదంది. కావ్య తర్వాత తాగుతానంది. కప్పులన్నీ ఒక్కొక్కటే బల్ల మీదికి చేరాయి. సరోజమ్మ కప్పుల్లోది మళ్ళీ గిన్నెలో ఒంపి, మూత పెట్టి, గిన్నె ఎత్తుకుని మెట్లు దిగింది.

మర్నాటి నుంచి ఆమె నడకకు రాలేదు. కనకలక్ష్మి బండరాయి దగ్గర చూసి చూసి, అలిగితే అలగనీ, వారం పోతే తనే వస్తుందిలే అనుకుంది. వారాలు పోయాయి. సంక్రాంతి దాటగానే రమ్య ఇల్లు ఖాళీ చేసి మియాపూర్‌కు మారింది. మెట్రో దగ్గరని చెప్పారు. కనకలక్ష్మి కూడా అడిగినవాళ్ళందరికీ అదే చెప్పింది, మెట్రో కోసం పోయారని. అన్నిసార్లు చెప్పినా తనకు మాత్రం నమ్మకం కుదరలేదు.

అలా ఏడాది కావస్తోంది. మొన్న లిఫ్టులో హర్షిణి మాటల్లో మాటగా చెప్పింది. రమ్యకు పుణేకు బదిలీ అయిందట, ఈ ఆదివారమే సామాను పోతోందట, సరోజమ్మా వెళ్ళిపోతోందట. కనకలక్ష్మి తన అంతస్తు వచ్చినా దిగడం మరిచిపోయి పైదాకా వెళ్ళింది.

ఆదివారంలోగా మాట్లాడాలి. అదొక్కటే ఆమె బుర్రలో తిరుగుతోంది. అయితే ఏ ముఖం పెట్టుకుని మాట్లాడాలి? నోట్లో పోసుకోని దానికి వంక పెట్టిన మనిషి, ముందు దాన్ని తాగి చూడాలి కదా అనిపించింది. అందుకని నిన్న సూపర్‌మార్కెట్‌కు వెళ్ళింది, గుమ్మడి ముక్కలు కొందామని. వీరేశం రిటైరై కాళ్ళనొప్పులు మొదలయ్యాక ఆమె ఎప్పుడూ ముక్కలే కొంటుంది. తళతళలాడే పల్చటి కవరు చుట్టి, తెల్ల ట్రేలో పెట్టి ఉంటాయి. నిన్న ట్రేలు ఖాళీగా ఉన్నాయి. లోపల కోస్తున్నారమ్మా, ఆగండి అన్నారు. తలుపు సందులోంచి చూస్తే, తలకు టోపీ పెట్టుకున్న ఆడపిల్ల ఒకతె వరసగా పెట్టిన నిండు కాయలను పెద్ద కత్తితో టపటపా నరుకుతోంది.

"రోజూ నువ్వే కోస్తవా బిడ్డా?" అని అడిగింది.

"నేనే అమ్మా. ఇంకెవలు కోస్తరు?" అందా పిల్ల, తలెత్తకుండా.

కనకలక్ష్మి ఆ పిల్ల చేతుల వంక చూసింది. అంటే ఇన్నేళ్ళుగా తను పులుసు పెట్టిందీ, దప్పళంలో వేసిందీ, పండగపూట దేవుడికి నైవేద్యం పెట్టిందీ ఈ చేతుల కాయే. ట్రే చూసి ఏనాడైనా ఎవరు కొట్టారని అడిగిందా? లేదు. మిద్దె మీదే అడగాలనిపించింది. గంప దగ్గర ఎవరూ లేని రోజే ఆ పద్ధతి గుర్తొచ్చింది. ఈ సంగతి ఆమెకు ఆనాడే లీలగా తెలుసు. నిన్న కూరగాయల మధ్య నిలబడి పూర్తిగా ఒప్పుకుంది.

"ముక్కలొద్దు. నిండు కాయే ఇయ్యుండ్రి," అని తీసుకుంది. బయట బండి మీద నాష్‌పాతీ అని అరుస్తుంటే బేరిపండ్లు కూడా కొని, ఆటో ఎక్కింది.

అదీ ఇవాళ్టి పట్టుదల వెనక కథ. ఇప్పుడు వంటింట్లోకి వద్దాం.

చెక్కు తీసి ముక్కలు చేసింది. ఉల్లిగడ్డ, అల్లం వెన్నలో వేయించింది. బేరిపండ్లు పచ్చివి, రాళ్ళలా ఉన్నాయి, నొక్కి చూసుకోవాలని ఆమెకు తెలియదు. అన్నీ కుక్కర్‌లో వేసి విజిళ్ళు రానిచ్చి, ఆత్రం ఆగక వేడివేడిగానే మిక్సీలో పోసి బటన్ నొక్కింది. మూత ఎగిరి ఎక్కడో పడింది. గోడ మీద, క్యాలెండర్ మీద, వీరేశం బనియన్ మీద పసుపుపచ్చని చుక్కలు.

"పెండ్లప్పుడు గూడ గింత నలుగు పెట్టలే నాకు," అన్నాడాయన బనియన్ చూసుకుంటూ.

ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ పడి పడి నవ్వేవాళ్ళు. ఆమె గోడ తుడిచింది, మిగిలింది చల్లార్చి రుబ్బింది, మీగడ కలిపింది, మిరియాలు చల్లింది. గిలాసలో పోసుకుని పొయ్యి దగ్గర నిలబడే తాగింది. ముందు తీపి తగిలింది, ఆ వెనక అల్లం, గొంతు దిగేటప్పుడు మిరియం. బాగుంది. ఎంతో గొప్పగా లేదు, వింతగానూ లేదు, పిల్లలకూ ముసలివాళ్ళకూ సుఖంగా దిగే వంట. నాలుగు గుక్కల్లో అయిపోయింది. ఆ రోజు కప్పులో ఇంత కూడా లేదు. ఆ కాస్త మింగలేకపోయాను కదా అని ఖాళీ గిలాసలోకి చూస్తూ ఉండిపోయింది.

వీరేశం కూడా ఒక గిలాస తాగాడు. పెదవులు చప్పరించి, "మంచిగనే ఉన్నది గని, ఆమెది ఇంకా చిక్కగుండె," అన్నాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"నువ్వెప్పుడు తాగినవ్?"

ఆయన గిలాస కడిగే నెపంతో సింకు వైపు తిరిగాడు. ఆమె కొళాయి కట్టేసి మళ్ళీ అడిగింది. ఇక దాచలేక చెప్పాడు. ఆ రోజు ఆయన మిద్దె మీదికి వస్తుంటే సరోజమ్మ గిన్నెతో మెట్లు దిగుతోందట. బరువుగా ఉందని తీసుకుని వాళ్ళింటిదాకా మోశాడట. ఊరికే పంపకూడదని ఆమె గిలాసలో పోసి ఇచ్చిందట. ఆయనకు సంగతి తెలియదు, బాగుందని ఇంకో గిలాస అడిగి తాగాడట.

"గప్పుడు ఏమన్నదో చెప్పు," అంది కనకలక్ష్మి.

"ఎందుకిగ, పోయిన ముచ్చట."

"చెప్పు."

"'అన్నా, అందరూ తాగకున్నా ఏం బాధ లేదు, కనకక్క ఒక్కతే తాగింటే సాలు' అన్నది. కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నది."

"ఏడాది సంది నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మెట్రో కోసం పోయిండ్రని అందరికి చెప్పుకుంట తిరుగుతుంటివి. ఇగ నేనేం చెప్పాలె?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. కంట్లో చుక్కలు వేయడానికి పాలు పొంగినా పరుగెత్తుకొచ్చిన మనిషి. ఆ మనిషి అడిగింది నాలుగు గుక్కలు. ఆ సాయంత్రమే వాళ్ళ తలుపు కొట్టి ఉంటే సరిపోయేది. మధ్యలో రెండంతస్తులే. మర్నాడు వెళ్ళినా సరిపోయేది. సామాను దింపుతున్న రోజు కిటికీలోంచి చూస్తూ నిలబడింది గానీ కిందికి పోలేదు. మియాపూర్‌కు బస్సు ఎక్కితే ఎంతసేపని. ఏ రోజుకారోజు, సరోజమ్మే ముందు ఫోన్ చేయాలని ఎదురుచూసింది. తప్పు తనదై ఉండి, ఆమె పలకరింపు కోసం కాచుకుంది. అలా ఏడాది గడిచిపోయింది, ఇప్పుడు పుణే.

ఫోన్ తీసి పేరు వెతికింది. ఆ నంబరును పింకీయే ఎక్కించి ఇచ్చింది ఒకప్పుడు. సరోజమ్మ భోజనం చేసి కాసేపు నడుం వాలుస్తుంది, ఇప్పుడు చేస్తే లేపినట్టవుతుంది. అది నిజమే. వాయిదా వేయడానికి దొరికిన సాకు కాదని తనకు తానే గట్టిగా చెప్పుకుంది. బేరిపండ్లు ఎన్ని వేయాలి వదినె అని మొదలుపెడితే సులువుగా ఉంటుందని ఒక క్షణం అనిపించింది. ఆ మాట మొదలైతే వంట దగ్గరే ఆగిపోతుందని భయమూ వేసింది. ముందు తప్పు సంగతే చెప్పాలి. నువ్వు కోసినందుకు కాదు వదినె, నా గంప దగ్గర ఎవరూ లేరని అలా అన్నాను అని చెప్పాలి. ఆమె ఎత్తకపోతే మళ్ళీ చేయాలి. ఎత్తి ఏమీ మాట్లాడకపోతే, ఆ మౌనం వింటూ ఉండాలి.

"ఆమె ఎన్ని గొట్టంగ లేస్తదో నీకేమన్న ఎరుకనా?" అని వీరేశాన్ని అడిగింది.

"నాలుగ్గొట్టంగ చాయ్ పెడ్తుండె గద," అన్నాడాయన.

కనకలక్ష్మి ఫోన్ ఒళ్ళో పెట్టుకుని గడియారం ఎదురుగా కూర్చుంది. నాలుగు కాగానే చేస్తుంది.